ప్రకాశం పంతులుగారిని లాయరుగా గుర్తుపెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

నల్లకోటు_ఒంగోలు
మా సీనియర్ గారు పోయి ఈ బుధవారానికి నెల. ఎనభై రెండేళ్ళు. ప్రాక్టీసు మానేసి పదేళ్ళు దాటినా రోజూ పదిన్నరకల్లా ఇస్త్రీ చొక్కాతో బార్ రూముకి వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు. వకాల్తా రాయడం రాని జూనియర్ దగ్గర్నుంచి వాయిదా ఎప్పుడో మర్చిపోయిన కక్షిదారు దాకా అందరూ ముందు ఆ కుర్చీ దగ్గరికే వెళ్ళేవాళ్ళం. ఇప్పుడా కుర్చీలో ఎవరూ కూర్చోవట్లేదు. తీసెయ్యమని కూడా ఎవరూ అనట్లేదు.

అసలు విషయం. ఆగస్టు 23న ప్రకాశం పంతులుగారి జయంతి. అదే రోజు మా సీనియర్ గారి సంతాప సభ కూడా పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. మా దగ్గర ఏటా ఒకటే ఉపన్యాసం: సైమన్ గో బ్యాక్, గుండె చూపించారు, జై ఆంధ్రకేసరి, దండ, టీ. మా సీనియర్ గారికి అది నచ్చేది కాదు. "పద్నాలుగేళ్ళు హైకోర్టులో నిలబడినవాణ్ణి తీసుకొచ్చి ఒక్క నిమిషం రోడ్డు మీద నిలబెట్టి వదిలేస్తారేంట్రా" అనేవారు. నిజమే కదా. జిల్లాకి ఆయన పేరు, కలెక్టరాఫీసుకి ఆయన పేరు. లాయరుగా ఆయన ఏం చేశారో అడిగితే మా బార్‌లో సగం మంది చెప్పలేరు. నేనూ సరిగా చెప్పలేను. తెలిసినవాళ్ళు చెప్పండి. సభలో లాయరు ప్రకాశం గురించే మాట్లాడాలి, ఇద్దరికీ అదే మర్యాద అనిపిస్తోంది.

అద్దంకి_అమ్మాయి
ఆ కిటికీ కుర్చీ నాకు తెలుసు. పోయారని ఇప్పుడు ఇది చదివాకే తెలిసింది. మళ్ళీ వచ్చి రాస్తాను.

గోదారిగట్టు
మీ ఒంగోలు వాళ్ళు పుట్టుక చూసుకుని మావాడంటారు గానీ లాయరుగా పుట్టింది మా రాజమండ్రిలోనండి. కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదవండి.

1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండో ఏట తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు పెట్టి పిల్లల్ని సాకారు. ఆ రోజుల్లో పూటకూళ్ళంటే చిన్నచూపు, అయినా ఆవిడ లెక్క చెయ్యలేదు. మిషన్ స్కూల్లో ఇమ్మానేని హనుమంతరావునాయుడు గారని మేష్టారు ఈ కుర్రాణ్ణి గుర్తించారు. ఆయన రాజమండ్రి వస్తూ ప్రకాశాన్నీ వెంటబెట్టుకొచ్చారు. కన్న తండ్రి పోతే ఆ మేష్టారే తండ్రయ్యారన్నమాట. ఆయన లేకపోతే మనకి ఈ లాయరు లేడు. ఇంత చేసిన ఆ మేష్టారి పేరు ఒక్క సభలోనూ వినపడదు, అదే నా బాధ.

ఇక్కడికొచ్చాక కుర్రాడు బుద్ధిగా చదువుకున్నాడనుకోకండి. నాటకాలు! ఆడవేషాలు కట్టారు. అల్లరి మూకతో తిరిగారు. అవన్నీ ఆయనే 'నా జీవితయాత్ర'లో దాచకుండా రాసుకున్నారు. మేష్టారు పట్టుబట్టి మద్రాసు పంపించి లా చదివించారు. తిరిగొచ్చి సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఇక్కడే నిలదొక్కుకున్నారు. ముప్ఫై రెండు నిండకుండానే రాజమండ్రి మునిసిపల్ ఛైర్మన్. పెద్దింటి అండ లేకుండా, పూటకూళ్ళమ్మ కొడుకు! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది నాకు.

కోర్టులో నోరు తెరిచాడంటే గోదారికి వరదొచ్చినట్టుండేదని మా తాతగారి అన్నగారు చెప్పేవారట. ఇది మా ఇంటి మాట, సభలో చెప్పకండి.

నల్లకోటు_ఒంగోలు
గోదారిగట్టు గారూ, నాయుడు మేష్టారి పేరు నా ఉపన్యాసంలో మొదటి వాక్యంలోనే ఉంటుంది. సెకండ్ గ్రేడ్ ప్లీడరంటే ఏమిటో ఎవరైనా సరిగ్గా చెప్తారా? మా తరానికి ఆ తేడాలు తెలియవు.

పాతకాగితం
చెప్తాను. ఇప్పుడు మనం అందరం అడ్వొకేట్లమే, 1961 చట్టం పుణ్యాన. అప్పుడలా కాదు. బారిస్టర్లు, వకీళ్ళు, ప్లీడర్లు, ప్లీడర్లలో మళ్ళీ మెట్లు. ఒకే కోర్టు ఆవరణలో కులాల్లా ఉండేవి. సెకండ్ గ్రేడ్ ప్లీడరు కింది కోర్టుల్లోనే వాదించాలి, పై కోర్టుకెళ్ళే హక్కు లేదు. కేసు తనే తయారుచేసి, సాక్షుల్ని తనే అడిగి, ఫైలు మాత్రం బారిస్టరు చేతిలో పెట్టాలి. అక్కడ దొరగారు లేచి మాట్లాడతారు, ఈయన వెనక బెంచీలో కూర్చుని చీటీలు అందించాలి.

ప్రకాశం గారికి ఆ వెనక బెంచీ గిట్టలేదు. తను సాయం చేస్తున్న ఒక బారిస్టరే ఈయన తెలివి చూసి, నువ్వూ బారిస్టరువి కావచ్చు కదా అన్నాడు. 1904లో ఇంగ్లండుకి ఓడెక్కారు. మాంసం, మద్యం, పొగ ముట్టనని తల్లికి మాటిచ్చి వెళ్ళారు. 1907లో తిరిగొచ్చి మద్రాసులో బోర్డు కట్టారు. అప్పటికి అక్కడ పేరున్న బారిస్టర్లంతా దొరలో అరవవాళ్ళో. వాళ్ళ మధ్య నిలబడి పేరు తెచ్చుకున్న తెలుగు బారిస్టరు ఈయన.

డల్లాస్_బాబాయ్
అంతా బాగుంది గానీ గుండె చూపించిన ఘట్టాన్ని పక్కన పెట్టేయాలన్నట్టు మాట్లాడుతున్నారు, అది నాకు నచ్చలేదు. మా పిల్లలు ఇక్కడ పుట్టారు. తెలుగువాళ్ళ గురించి చెప్పమంటే నేను మొదట చెప్పేది అదే. తుపాకీ ముందు నిలబడటం చిన్న సంగతా?

మైలాపూరు_తెలుగు
బాబాయ్ గారూ, చిన్న సంగతని ఎవరూ అనలేదు. పైగా ఆ రోడ్డుకీ కోర్టుకీ ఉన్న సంబంధం చూస్తే ఒంగోలు తమ్ముడికి పనికొస్తుంది.

1928 ఫిబ్రవరి 3. సైమన్ కమిషన్‌కి వ్యతిరేకంగా మద్రాసులో హర్తాళ్. జనం పోగైంది ప్యారిస్ కార్నర్ దగ్గర, అంటే హైకోర్టుకి ఎదురుగా. పోలీసులు కాల్చారు. పార్థసారథి అనే కుర్రాడు అక్కడికక్కడే పోయాడు. శవం దగ్గరికి ఎవరొచ్చినా కాలుస్తామన్నారు. ప్రకాశం గారు ముందుకెళ్ళింది ఆ చచ్చిపోయిన పిల్లాణ్ణి చూడ్డానికి. చొక్కా తీసి గుండె చూపించింది అందుకు. పోలీసులు దారిచ్చారు. మనం ఉపన్యాసాల్లో పార్థసారథి పేరెత్తం, గుండె ఒక్కటే చూపిస్తాం.

అది ఆయన పద్నాలుగేళ్ళు రోజూ నడిచిన దారి. ఎన్నో ఉదయాలు గౌనూ కాగితాలూ పట్టుకుని ఆ గేట్లోంచే లోపలికెళ్ళి ఉంటారు. ఆ రోజు ఆయన దగ్గర గౌను లేదు, వకాల్తా లేదు. ప్రాక్టీసు వదిలేసి ఏడేళ్ళయింది. అయినా చచ్చిపోయినవాడి తరఫున ఎవరో ఒకరు హాజరు కావాలి కదా. హైకోర్టు పక్కనుంచి పోయే బ్రాడ్‌వేకి ఇప్పుడు ప్రకాశం సాలై అని పేరు. నేను ముప్ఫై ఏళ్ళు ఆ రోడ్డు మీద బస్సెక్కాను.

డల్లాస్_బాబాయ్
పార్థసారథి సంగతి నాకు తెలియదు. ఈసారి పిల్లలకి ఆ పేరుతో సహా చెప్తాను. మాట వెనక్కి తీసుకుంటున్నా.

కృష్ణలంక
"చచ్చిపోయినవాడి తరఫున హాజరు" చాలు. తమ్ముడూ, నీ ఉపన్యాసం అయిపోయినట్టే.

నల్లకోటు_ఒంగోలు
లేదన్నా, ఇంకా కేసులే రాలేదు. బారిస్టరుగా పెద్ద కేసు ఏదైనా?

గోదారిగట్టు
ఆష్ హత్య కేసు ఉంది కదండీ. తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ని 1907లో కాల్చి చంపారు, ముద్దాయిల్లో ఒకడి తరఫున ఈయన వాదించారు.

పాతకాగితం
సంవత్సరం తప్పండీ. చాలాచోట్ల 1907 అనే అచ్చయింది, బెంగాల్ జాతీయ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఆంధ్రకి వచ్చిన ఏడాదితో కలిసిపోయినట్టుంది. ఆష్‌ని కాల్చింది 1911 జూన్ 17న, మణియాచ్చి రైల్వే జంక్షన్‌లో, రైలు పెట్టెలో. కాల్చింది వాంచినాథన్. తర్వాత తనని తను కాల్చుకున్నాడు. మిగిలినవాళ్ళు, నీలకంఠ బ్రహ్మచారితో కలిపి పద్నాలుగు మంది, వాళ్ళ మీద కుట్ర కేసు పెట్టి మద్రాసు హైకోర్టులో ముగ్గురు జడ్జీల ప్రత్యేక బెంచి ముందు విచారించారు. ముద్దాయిల తరఫు లాయర్లలో ప్రకాశం గారొకరు.

ఇందులో లాయర్లు గమనించాల్సింది ఉంది. చచ్చిపోయింది తెల్ల కలెక్టరు. ప్రధాన న్యాయమూర్తి తెల్లవాడు. ఊళ్ళో ఎవరింటికి పోలీసులొస్తారో తెలియని రోజులు. ఆ కేసులో ముద్దాయి తరఫున పేరు నమోదు చేయించుకుంటే మర్నాటి నుంచి పెద్ద కంపెనీల ఫైళ్ళు వస్తాయో రావో తెలియదు. ఈయన అప్పటికి కొత్త బారిస్టరు, నాలుగేళ్ళ ప్రాక్టీసు. నీలకంఠకి ఏడేళ్ళు పడింది, ఉరి ఎవరికీ పడలేదు. ఉరి లేకుండా బయటపడ్డ కుట్ర కేసులో ఏ ఒక్క లాయరుకో మొత్తం పేరు కట్టబెట్టలేం, కానీ ముద్దాయిల తరఫు బెంచీలో కూర్చున్నాడు చూడండి, అదీ లెక్క.

అంతకు ముందే బిపిన్ చంద్రపాల్ మద్రాసులో మాట్లాడితే అధ్యక్షత వహించడానికి పెద్దవాళ్ళు భయపడ్డారు. ఈయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

గోదారిగట్టు
సరే సంవత్సరం నా తప్పే. మా ఇంట్లో పాత పుస్తకంలో దిద్దుకున్నాను, పెన్నుతో.

తర్కం_తప్పదు
అందరూ తిట్టినా సరే ఒక మాట అడుగుతాను. 1921లో గాంధీగారి సహాయ నిరాకరణ కోసం ప్రాక్టీసు వదిలేశారు, ఆస్తి పత్రికలో పోశారు, చివరికి చేతిలో డబ్బు లేకుండా పోయారు. మనం దాన్నే గొప్పగా చెప్పుకుంటాం. వదిలేయడంలో ఏముంది గొప్ప? అల్లాడి కృష్ణస్వామయ్యర్ మన నెల్లూరు జిల్లా వాడే. ఆయన వదల్లేదు. 1929 నుంచి పదిహేనేళ్ళు మద్రాసు అడ్వొకేట్ జనరల్. తర్వాత రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్నాడు. లాయరుగా దేశానికి ఎవరి వల్ల ఎక్కువ ఉపయోగం? లాయరు ప్రకాశాన్ని గుర్తుచేసుకుందామంటున్నారు, ఆ లాయరుని చంపేసింది ప్రకాశం గారే కదా?

కృష్ణలంక
ఇదేం పోలికయ్యా. అందరూ అల్లాడి అయితే జైలుకెవరు వెళ్తారు?

తర్కం_తప్పదు
నేను అడిగింది అది కాదు. ఇద్దరూ కావాలి. ఒకరి త్యాగం గురించి మాట్లాడి రెండోవారి పనిని మర్చిపోతున్నాం అంటున్నా.

పాతకాగితం
తర్కం గారి ప్రశ్న న్యాయమైనదే, కొట్టిపారేయకండి. కానీ ఆ రోజుల్లో ఈయన ఒక్కడే మానలేదు. కాకినాడలో బులుసు సాంబమూర్తి గారు, ఇంకా ఊరూరా ప్లీడర్లు. ఆ కోర్టుల్ని మేం గుర్తించం అని చెప్పడానికి వాళ్ళ దగ్గరున్న సాధనం అదొక్కటే, లోపలికి వెళ్ళకపోవడం. లాయరు కోర్టుకి వెళ్ళనంటే రైతు పొలానికి వెళ్ళనన్నట్టు. మర్నాటి నుంచి ఇల్లెలా గడుస్తుందో చూసుకోవాలి.

ఇక వదిలేశాక ఏం చేశారంటారా? 1921లోనే 'స్వరాజ్య' పత్రిక. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు లాంటి పత్రికా రచయితలు అందులో పనిచేసి ఎదిగినవాళ్ళే. అది డబ్బు మింగేసిందన్నది నిజం, దాచక్కర్లేదు. మలబారులో ముస్లిం రైతుల మాప్పిళ్ళ తిరుగుబాటప్పుడు ప్రభుత్వం వద్దన్నా అక్కడికి వెళ్ళారు, దాంతో ఊటీలో ఉన్న ఆస్తి ప్రభుత్వం జప్తు చేసింది. లాయరు కదా, ఏ ఉత్తర్వు ధిక్కరిస్తే ఏం పోతుందో ఆయనకి ముందే తెలుసు. తెలిసి వెళ్ళారు.

మలక్‌పేట_మామ
మా దిక్కు వకీలు అంటరు, ప్లీడరు అనరు. నిజాం జమానాల కోర్టుల ఉర్దూనే. మాడపాటి హన్మంతరావు గారు, బూర్గుల రామకృష్ణారావు గారు ఇద్దరూ వకీళ్ళే. మా నాయన చిన్న వకీలు. తర్కం సాబ్ అడిగిన ముచ్చట మా ఇంట్ల గూడ జరిగింది. మా నాయన పైసలు లేనోళ్ళ కేసులు వట్టిగనె చూస్తుండె. అమ్మ లొల్లి వెట్టేది. అట్ల గెలిచినోళ్ళు సంకురాత్రికి జొన్నలు, పల్లీలు తెచ్చి గడప కాడ పెట్టి పోతుండిరి. నాయన పోయిన్నాడు దినాలకు వచ్చినోళ్ళను చూసి అమ్మ అన్నది, "ఇంతమందికి నేను అన్నం పెట్టద్దన్ననా" అని. అప్పటి సంది తర్కం నాకు రాదు.

ప్రకాశం పంతులు గారు పాణం ఇడిసింది హైదరాబాదులనే, 1957 మే 20. ఒంగోలు కాడ హరిజనవాడకు వొయ్యి వడదెబ్బ తిని, ఈడ దవాఖానల. ఎనభై నాలుగేండ్లకు ఆ ఎండల ఎందుకు వొయ్యిండు? ఎవరో పిలిచిండ్రు, వొయ్యిండు. గంతె.

తర్కం_తప్పదు
మామా, మీ అమ్మగారి మాటకి నా దగ్గర జవాబు లేదు.

అద్దంకి_అమ్మాయి
రెండు రోజులుగా రాద్దామని తెరిచి మూసేస్తున్నాను.

గోదారిగట్టు గారు పూటకూళ్ళ ఇంటి గురించి రాశారు కానీ మూడు రూపాయల సంగతి వదిలేశారు. మిడిల్ స్కూలు పరీక్ష ఫీజు మూడు రూపాయలు కట్టలేక ఆ పిల్లాడు ఒంగోలు నుంచి మా అద్దంకికి నడిచి వచ్చాడు, బావగారిని అడుగుదామని. వాళ్ళ దగ్గరా లేదు. ఉత్త చేతుల్తో మళ్ళీ నడిచి వెళ్ళాడు. అప్పుడు తల్లి తన పట్టుబట్ట తాకట్టు పెట్టి ఫీజు కట్టింది. పోనూ రానూ ఎంత దూరమో మా ఊరివాళ్ళకి తెలుసు. దార్లో గుండ్లకమ్మ. ఇప్పుడు బస్సులో వెళ్ళినా ఎండాకాలం నీరసం వస్తుంది.

ఆ కథ నాకు మొదట చెప్పింది ఆ కిటికీ కుర్చీ పెద్దాయనే. 2009లో. నాన్న పొలం కేసు ఓడిపోయాం. ఆయన మా లాయరు కూడా కాదు, ఎదుటివాళ్ళ లాయరు! జడ్జిమెంటు అయ్యాక వరండాలో నేను ఏడుస్తుంటే వచ్చి, ఏం చదువుతున్నావమ్మా అన్నారు. ఇంటర్ పూర్తయింది, ఇక మానేస్తున్నా అన్నాను. అప్పుడు అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడి మూడు రూపాయల కథ చెప్పారు. మర్నాడు వాళ్ళ గుమాస్తా మా ఇంటికొచ్చి డిగ్రీ ఫీజు కట్టిన రసీదు ఇచ్చి వెళ్ళాడు. నాన్న తీసుకోనన్నాడు. ఎదుటి లాయరు డబ్బు ఎలా తీసుకుంటాం? గుమాస్తా, "కేసు కేసే, ఫీజు ఫీజే, అయ్యగారు అలా చెప్పమన్నారు" అన్నాడు.

ఇప్పుడు నేను గవర్నమెంటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఆయన్ని మళ్ళీ కలిసి చెప్పుకోలేదు. వెళ్దాం వెళ్దాం అనుకుంటూనే ఉన్నా.

మైలాపూరు_తెలుగు
అమ్మా, నువ్వు లెక్కల టీచరు. నాయుడు మేష్టారు కూడా లెక్కలే చెప్పేవారు. అంతకన్నా నేనేమీ రాయలేను.

నల్లకోటు_ఒంగోలు
అక్కా, ఆ పొలం కేసు ఫైలు నేను చూశాను, ఆఫీసు సర్దుతున్నప్పుడు. ఈ సంగతి ఆయన ఒక్కరోజు కూడా మాతో చెప్పలేదు. ఎనిమిదేళ్ళు ఆయన దగ్గర ఉన్నా.

విశ్రాంత_గుమాస్తా
మా మనవడు ఫోనులో పెట్టి చదివి వినిపించాడు. నేను చెప్తుంటే వాడే కొడుతున్నాడు, తప్పులుంటే వాడివి. రసీదు తీసుకెళ్ళిన గుమాస్తాని నేనే.

ఆ అమ్మాయి ఒక్కతే కాదు. అయ్యగారి దగ్గర ఒక చిన్న ఖాతా పుస్తకం ఉండేది. కోర్టు ఫీజులు, స్టాంపులు రాసే పుస్తకం వేరు, ఇది వేరు. పైన మూడు రూపాయలు అని రాసి ఉండేది. ప్రతి జూన్‌లో అందులో కొత్త పేజీ. పేర్లు రాసేవారు కాదు. ఊరు, చదువు, ఎంత కట్టాం, అంతే. పేరెందుకు రాయరండీ అని ఒకసారి అడిగాను. రేపు నేను పోయాక ఈ పుస్తకం ఎవరి చేతికో వెళ్తుంది, వాళ్ళు ఆ పిల్లల ముందు తలెత్తుకు తిరుగుతారు, పిల్లలు తల దించుకోవాలి, ఎందుకూ అన్నారు. లాయరు బుర్ర.

ప్రాక్టీసు మానేశాక రాబడి తగ్గింది. పేజీ ఆగలేదు. అమ్మగారి గాజులు రెండు ఒక జూన్‌లో కనిపించలేదు, నేను అడగలేదు.

అద్దంకి_అమ్మాయి
తాతగారూ, అద్దంకి, 2009, బీఎస్సీ. ఆ లైను ఉందా?

విశ్రాంత_గుమాస్తా
పుస్తకం అమ్మగారి దగ్గర ఉంది. రేపు వెళ్ళి చూసి చెప్తాను.

కృష్ణలంక
ఈ చర్చ ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. మా ఆవిడ కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తమ్ముడికి ఇంకొక్క పాయింటు, లాయర్ల సభ కాబట్టి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వస్తే మొదటి ముఖ్యమంత్రి ఈయన. రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. 1954 జూలైలో హైకోర్టు మొదలైంది, కోకా సుబ్బారావు గారు ప్రధాన న్యాయమూర్తి. వెనక బెంచీలో చీటీలందించిన సెకండ్ గ్రేడ్ ప్లీడరు ముఖ్యమంత్రిగా ఉండగా తెలుగువాళ్ళకి సొంత హైకోర్టు వచ్చింది. మద్రాసు రైలెక్కే పని తప్పింది. మా వైపు బ్యారేజీకి ఆయన పేరుంది, రోజూ దాని మీదుగా వెళ్తాం. నాకైతే ఆ గుంటూరు కోర్టుకి ఆయన పేరుండాల్సింది అనిపిస్తుంది. రెండేళ్ళకే హైదరాబాదుకి పోయిందనుకో.

తర్కం_తప్పదు
ఆ ప్రభుత్వం 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద పడిపోయింది, పదమూడు నెలలే. కాంగ్రెస్ వదిలారు, వేరే పార్టీ పెట్టారు, మళ్ళీ వచ్చారు. ఇవి కూడా చెప్పాలి తమ్ముడూ. మా నాన్న ఆయన్ని ప్రేమించాడు, ఆయన మొండితనాన్ని తిట్టాడు. ఒకే నోటితో. అలా ప్రేమించడం కూడా ప్రేమే.

పాతకాగితం
ఇది ఒప్పుకుంటాను. ఆయనే తన కథలో తన అల్లరి దాచలేదు, మనమెందుకు దాచడం? 'లా టైమ్స్' అని న్యాయ పత్రిక నడిపారన్నది కూడా రాసుకో. పత్రికల మీద మోజు 'స్వరాజ్య'తో మొదలైంది కాదు. కోర్టులో ఉండగానే పట్టుకుంది.

నల్లకోటు_ఒంగోలు
అన్నీ రాసుకున్నాను. నాయుడు మేష్టారు, వెనక బెంచీ, తల్లికిచ్చిన మాట, ఆష్ కేసు 1911, పార్థసారథి, మొండితనం కూడా. తర్కం గారి ప్రశ్న అలాగే సభ ముందు పెడతాను, జవాబు చెప్పను.

మూడు రూపాయల దగ్గర ఆగిపోతున్నా. అది చెప్తే సీనియర్ గారి పుస్తకం గురించి చెప్పాలి. చెప్తే ఆయన దాచింది బయటపెట్టినట్టవుతుంది. చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే. గుమాస్తా గారూ, ఏం చెయ్యమంటారు?

మలక్‌పేట_మామ
పేర్లు లేవు గద. చెప్పు.

గోదారిగట్టు
నేనైతే చెప్పనండి. ఆయనిష్టం అది.

అద్దంకి_అమ్మాయి
నేను వచ్చి చెప్తాను. నా పేరుతో. మిగిలినవాళ్ళ సంగతి నాకు తెలియదు, నా సంగతి చెప్పుకునే హక్కు నాకుంది కదా.

విశ్రాంత_గుమాస్తా
అమ్మగారి దగ్గరికి వెళ్ళొచ్చాను. లైను ఉంది. అద్దంకి, బీఎస్సీ మొదటి సంవత్సరం, రెండు వేల ఎనిమిది వందల యాభై. పక్కన అయ్యగారి చేత్తో చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది: ఎదుటి పార్టీ, మంచి సాక్షి, అబద్ధం చెప్పలేదు. ఆ రోజు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ నాన్నని ఆయన గంటసేపు అడిగారు, నాకు గుర్తుంది.

అమ్మగారు పుస్తకం ఇవ్వనన్నారు. సభకి తనే తెస్తానన్నారు, చేతిలో పెట్టుకుని కూర్చుంటారట. ఆవిడకి మెట్లెక్కడం కష్టం. బార్ రూము మొదటి అంతస్తు కదా, కుర్రాళ్ళు ఇద్దరు కావాలి.

నల్లకోటు_ఒంగోలు
మేం నలుగురం వస్తాం. అమ్మగారిని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెడతాం. అక్కా, అద్దంకి నుంచి ఏ బస్సుకి వస్తున్నారో చెప్పండి, స్టాండుకి వస్తాను.

అద్దంకి_అమ్మాయి
ఎనిమిదింటి బస్సు. నాన్న కూడా వస్తానంటున్నాడు.